కాంపెయిన్‌లో ఎప్పుడూ ఒక వైపే గెలుస్తోందా? గెలుపు షరతులు సరిచేసుకోవడం ఎలా

కాంపెయిన్ అంటే చరిత్రలో జరిగిన ఒక యుద్ధాన్ని మ్యాపు మీద, బొమ్మ సైన్యాలతో, చాలా రోజులపాటు ఆడే ఆట. దాని గురించి నెలకి ఇద్దరైనా అడుగుతున్న ప్రశ్న ఇది. "మ్యాపు గీశాం, బొమ్మలకి రంగులు వేశాం, సైన్యాల లెక్కలు పుస్తకాల్లోంచి తీశాం, ఆరు ఆదివారాలు కూర్చుని ఆడదాం అనుకున్నాం, తీరా చూస్తే మూడో ఆదివారానికే ఎవరు గెలుస్తారో అందరికీ తెలిసిపోయింది, నాలుగో ఆదివారం ఇద్దరు రానే లేదు. ఏం చేయాలి?"

చాలామంది చేసే పని ఏమిటంటే, ఓడిపోతున్న వైపు ఇంకో రెండు పటాలాలు, నాలుగు ఫిరంగులు కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చరిత్రలో లేని ఫిరంగులు పెట్టుకుని ఆడేటట్లయితే ఆటకి చరిత్ర పేరు దేనికి? సైన్యాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. గెలుపు అంటే ఏమిటో మార్చండి.

పులి-మేక ఆడినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని తినేస్తే పులికి గెలుపు, పులుల్ని కదలనీయకుండా కట్టేస్తే మేకలకి గెలుపు. సమానంగా లేరు కదా అని మేకలకి కోరలు పెట్టాలని మన తాతలు ఎవరికీ తోచలేదు.

ఉదాహరణకి మా బ్యాచ్ ఆడిన 1758-59 ఉత్తర సర్కారుల కాంపెయిన్ తీసుకుంటున్నాను. బొబ్బిలి ఎందుకు కాదు అని అడుగుతారు, తెలుసు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ఒక్క రోజు పని, కోట పడిపోవడం ఖాయం, అక్కడ "ఎంతసేపు నిలబడ్డారు" అన్న ఒక్క షరతుతో సరిపోతుంది. దాని తర్వాతి ఏడాది జరిగిన కథ అలా కాదు, నాలుగు పక్షాలు, నాలుగు రకాల ఆశలు.

కథ తెలియనివాళ్ల కోసం గబగబా చెప్తాను. ఫ్రెంచి సేనాని బుస్సీని వాళ్ల పై అధికారి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు, సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల బాధ్యత కాన్‌ఫ్లాన్ చేతికి వచ్చింది. విజయనగరం ఆనంద గజపతి రాజు అదను చూసి విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. క్లైవ్ కలకత్తా నుంచి కల్నల్ ఫోర్డ్‌ని సుమారు 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలతో పంపాడు. 1758 అక్టోబరు 20న విశాఖలో దిగారు, డిసెంబరు మొదట్లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లని ఓడించారు, తర్వాత డబ్బు తగాదాతో రోజులూ వారాలూ పోగొట్టుకుని, చివరికి 1759 ఏప్రిల్ 7-8 రాత్రి బందరు కోట మీద పడి పట్టుకున్నారు. నిజాం సలాబత్ జంగ్ బెజవాడ దాకా సైన్యంతో వచ్చి కూడా యుద్ధం చేయకుండా, మే 14న గెలిచినవాళ్లతో సంధి చేసుకున్నాడు. ఇంత చాలు.

కావలసినవి

- చుక్కలూ గీతలూ ఉన్న మ్యాపు. మాది పాత క్యాలెండరు వెనక గీసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, పిఠాపురం, రాజమండ్రి, ఏలూరు, నరసాపురం, బెజవాడ, బందరు ఉంటే చాలు.
- వారాల పట్టీ. ఒక టర్ను అంటే ఒక వారం. అక్టోబరు 20 నుంచి మొదలుపెడితే సంధి జరిగిన మే 14 సరిగ్గా 30వ వారంలో పడుతుంది.
- ఒక్కో ఆటగాడికి ఒక అట్టముక్క, దాని మీద అతని షరతులు. ఒక వైపే రాసి ఉండాలి, రెండో వైపుకి పాకితే షరతులు ఎక్కువైనట్టే.
- ఆరు ముఖాల పాచికలు రెండు, లెక్కల పుస్తకం ఒకటి.
- ఆటలో కూర్చోని ఒక మనిషి. లెక్కలు చూడటానికి, తగాదాలు తీర్చడానికి. ఇది లేకుండా కూడా ఆడొచ్చు కానీ స్నేహాలు పోతాయి.

1. ఒక్కో కుర్చీకి ఒక్క వాక్యం రాయండి

కుర్చీ అంటే ఒక పక్షం తరఫున ఆడే చోటు. ఆ పక్షం మనిషికి నిజంగా ఏం కావాలి? "గెలవాలి", "ఓడించాలి" అన్న మాటలు వాడకుండా రాయండి. మావి ఇలా వచ్చాయి.

ఫోర్డ్: బందరు పడగొట్టి సముద్రతీరం కంపెనీకి దక్కించుకోవాలి, అది కూడా చేతిలో ఉన్న కొద్దిమంది యూరోపియన్లు అరిగిపోకుండా.

ఆనందరాజు: లోపలి సీమలు తనకి రావాలి, ఖర్చు మాత్రం పక్కవాడి నెత్తిన పడాలి.

కాన్‌ఫ్లాన్: ఓడలు వచ్చేదాకా బందరు నిలబెట్టాలి.

సలాబత్ జంగ్: ఎవరు గెలిచినా తన పెద్దరికం చెల్లాలి, ఈలోగా తమ్ముడు నిజాం అలీ వెనకనుంచి గద్దె లాక్కోకూడదు.

ఫోర్డ్, రాజు ఒకే వైపు, కానీ వాక్యాలు చూడండి, ఒకటి కాదు. ఇది నేను కల్పించింది కాదు, వాళ్ల ఒప్పందంలోనే ఉంది: రేవులు కంపెనీకి, లోపలి సీమలు రాజుకి, సైన్యం ఖర్చుకి నెలకి 50,000 రూపాయలు రాజు ఇవ్వాలి. ఇలాంటి ఒప్పందం మీ కాంపెయిన్‌లో దొరికితే వదలకండి, షరతులు సగం అదే రాసిపెడుతుంది.

ఇక్కడ జరిగే తప్పు: మిత్రులిద్దరికీ ఒకే అట్ట ఇవ్వడం. అప్పుడు వాళ్లలో గట్టిగా మాట్లాడేవాడు ఇద్దరి తరఫునా ఆడేస్తాడు, రెండోవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

2. గడియారం పెట్టండి, కానీ పూర్తిగా చూపించకండి

షరతుల్లో అన్నిటికన్నా బలమైనది తేదీ. నా లెక్కలో అసలు బ్యాలెన్సు సగం ఇక్కడే కుదురుతుంది. బందరు పట్టుకుంటే 8 పాయింట్లు అని ఊరికే రాస్తే ఫోర్డ్ తీరిగ్గా రాజమండ్రిలో ఎండలు తగ్గేదాకా కూర్చుంటాడు. నిజం ఏమిటంటే ఫోర్డ్‌కి తీరిక లేదు. ముట్టడి చివరికి వచ్చేసరికి ఫిరంగులకి రెండు రోజులకి సరిపడా మందు మిగిలింది, వెనక రాజమండ్రిని ఫ్రెంచి దళం మళ్లీ పట్టుకుంది, నిజాం బెజవాడకి వచ్చేశాడు, జీతాల కోసం మార్చిలో సొంత సైనికులే తిరగబడ్డారు. కోట పడ్డాక వారానికి, ఏప్రిల్ 15న, 300 మంది సైనికులతో ఫ్రెంచి ఓడలు బందరు ముందుకి వచ్చాయి. ఒక్క వారం!

మన పట్టీలో కోట పడింది 25వ వారం, ఓడలు వచ్చింది 26వ వారం. దీన్ని అలాగే రాసేస్తే ఏమవుతుంది? చరిత్ర చదివిన ప్రతివాడూ 25వ వారానికి లెక్క కట్టుకుని ఆడతాడు, ఫోర్డ్ దగ్గర లేని జ్యోతిషం మీ ఆటగాడి దగ్గర ఉంటుంది. అందుకని 23వ వారం నుంచి ప్రతి వారం ఒక పాచిక వేయండి. 23లో 6 పడితే ఓడలు వచ్చినట్టు, 24లో 5 లేదా 6, 25లో 4 లేదా అంతకన్నా ఎక్కువ, 26లో 3 లేదా అంతకన్నా ఎక్కువ, 27లో ఇంకా రాకపోతే వచ్చేసినట్టే. ఫోర్డ్‌కి ఆ టెన్షన్ ఉండాలి, కాన్‌ఫ్లాన్‌కి ఆశ ఉండాలి.

ప్రత్యామ్నాయం: పాచికలు ఇష్టం లేకపోతే 23 నుంచి 27 వరకు అంకెలు చీటీల మీద రాసి, లెక్కలు చూసే మనిషి ఒకటి తీసి జేబులో పెట్టుకోవాలి. ఫలితం ఇంచుమించు అదే, కాకపోతే అతని మొహం చూసి కనిపెట్టేవాళ్లు ఉంటారు జాగ్రత్త.

3. పాయింట్ల పట్టీ రాయండి

మాది చివరికి ఇలా కుదిరింది. ముందు ఫోర్డ్, కాన్‌ఫ్లాన్‌లది చూద్దాం.

ఫోర్డ్:
- ఓడలు రాకముందే బందరు పడితే 8, తర్వాత పడితే 5
- నిజాం తనతో సంధికి సంతకం పెడితే 4
- విశాఖపట్నం పోతే −4
- యూరోపియన్లలో చనిపోయినా గాయపడినా ప్రతి 40 మందికి −1

కాన్‌ఫ్లాన్:
- 12వ వారం నుంచి, బందరు చేతిలో ఉన్న ప్రతి 3 వారాలకి 1
- 30వ వారం చివర బందరు ఇంకా తనదే అయితే మరో 6
- చివర్లో రాజమండ్రి తనదైతే 3

కాన్‌ఫ్లాన్ మొదటి షరతు చూశారా, అదే కీలకం. పాయింట్లన్నీ చివరి రోజు మీదే పెడితే, కోట పడేలా ఉందనిపించిన వెంటనే ఆ ఆటగాడు నీరుగారిపోతాడు. వారాలకి పాయింట్లు ఉంటే, ఓడిపోతూ కూడా ఇంకో వారం లాగడానికి కారణం ఉంటుంది. 25వ వారంలో కోట పడితే 12 నుంచి 24 దాకా 13 వారాలు, అంటే 4 పాయింట్లు అతనివే, వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

రెండో సంగతి, నష్టాల లెక్క. చాలామంది శత్రువుని చంపితే పాయింట్లు ఇస్తారు. వద్దు. అలా ఇస్తే కోట సంగతి మర్చిపోయి ఊళ్ల వెంట వేట మొదలవుతుంది. మన మనుషులు పోతే పాయింటు కోయండి, అది కూడా తిరిగి దొరకని మనుషులకే. బందరు మీద పడిన ఆ ఒక్క రాత్రి ఇంగ్లీషు వైపు 22 మంది యూరోపియన్లు చనిపోయారు, 62 మంది గాయపడ్డారు. మన పట్టీ ప్రకారం ఆ రాత్రి ఖరీదు 2 పాయింట్లు. 8 కోసం 2 ఇవ్వడం బేరమే, కానీ అదే దాడి రెండుసార్లు విఫలమైతే బేరం కాదు. ఆటగాడు ఆలోచించాల్సింది సరిగ్గా అక్కడే.

హెచ్చరిక: కోత మరీ పెంచకండి. 20 మందికి −1 అని పెట్టి ఒకసారి ఆడాం. ఫోర్డ్ విశాఖ దాటి బయటికి రాలేదు, ఆరు వారాలు రేవులో చేపల కూర తిన్నట్టు కూర్చున్నాడు.

4. డబ్బు సంచులు వేరు చేయండి

ఇక్కడ నేను బోర్లా పడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

రాజుకి మొదట రాసిన షరతులు: శ్రీకాకుళం 3, రాజమండ్రి 3, ఖర్చు చేయకుండా మిగిల్చిన ప్రతి లక్షకి 1. ఆటలో అతనికి 5 లక్షలు ఇచ్చాం (ఈ అంకె ఆట కోసం పెట్టుకున్నది). రాజు కుర్చీలో మా బావగారు కూర్చున్నారు, ఆయన వ్యాపారం చేసే మనిషి. మొదటి వారమే లెక్క వేసుకున్నారు: ఏమీ చేయకుండా శ్రీకాకుళంలో కూర్చుంటే 3, డబ్బు 5, మొత్తం 8. ఫోర్డ్‌తో కలిసి బందరు దాకా పోతే ఖర్చులు పోను 6 వస్తే గొప్ప. ఇంకేముంది, ఫోర్డ్ ఉత్తరం రాసినప్పుడల్లా "మా దివాను ఊళ్లో లేడు" అని జవాబు. ఆయన తప్పు కాదు, తప్పు నాది. అట్ట మీద ఏం రాస్తే మనిషి అదే చేస్తాడు.

అయితే పూర్తిగా తీసేయడం కూడా తప్పే, ఎందుకంటే ఆ నాన్చుడు చరిత్రలో ఉంది. చందుర్తి గెలిచాక రాజు డబ్బు ఇవ్వక, ఫోర్డ్ కదల్లేక దాదాపు 50 రోజులు పోయాయి, ఆ 50 రోజుల్లోనే ఫ్రెంచివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కాబట్టి నాన్చడం వల్ల లాభం ఉండాలి, కానీ ఒక హద్దు దాకానే ఉండాలి. ఇలా మార్చాం:

- శ్రీకాకుళం 2, రాజమండ్రి 4
- మిగిల్చిన ప్రతి లక్షకి 1, కానీ 2 మించకూడదు, అది కూడా రాజమండ్రి తన చేతిలో ఉంటేనే
- బందరు పడే వారం తన సైన్యం అక్కడ ఉంటే 2

ఫోర్డ్ వైపు కూడా దీనికి ముడి పెట్టాలి: నాలుగు వారాలు జీతం అందకపోతే పాచిక వేయాలి, 1 లేదా 2 పడితే ఆ వారం సైన్యం కదలదు. ఇప్పుడు రాజు ఓ నెల నాన్చుతాడు, రెండో నెల ఫోర్డ్ బతిమాలతాడు, మూడో నెల ఇద్దరికీ భయం వేసి కదులుతారు.

5. గోడ మీద పిల్లికి షరతు

ఎటూ తేల్చని పక్షం ఉన్న ప్రతి కాంపెయిన్‌లో ఇదే తలనొప్పి. నిజాం కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి "గెలిచినవాడి పక్కన ఉంటే 5" అంటే 29వ వారం దాకా మాట్లాడడు, 30వ వారంలో ఎవరి పక్కకి దూకితే వాళ్లే గెలుస్తారు. ఇంత పెద్ద ఆటని ఒక్క మనిషి చివరి అరగంటలో తేల్చేస్తాడు. మిగతావాళ్లు ఆ మనిషితో రెండు వారాలు మాట్లాడరు, మా దగ్గర అదే జరిగింది.

మందు ఏమిటంటే, ఆలస్యానికి ధర పెట్టడం. 15వ వారంలోపు ఒక వైపు తేల్చుకుని ఆ వైపు గెలిస్తే 6, 25 లోపు అయితే 4, ఆ తర్వాత 2. రాజధాని వదిలి బయట ఉన్న ప్రతి వారం పాచిక, 1 పడితే నిజాం అలీ కదిలాడని అర్థం, అలాంటివి మూడు పడితే వెనక్కి పోవాల్సిందే. సలాబత్ జంగ్ చివరికి తొందరపడి సంధి చేసుకోవడానికి ఆ తమ్ముడి భయం ఒక కారణం, కాబట్టి ఇది చరిత్రకి దూరం కాదు.

మనుషులు తక్కువ ఉంటే నిజాం కుర్చీ ఖాళీగా ఉంచి పాచికలతో నడిపించండి. నిజానికి ముగ్గురితో ఆట ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం.

6. కాగితం మీద మూడు పరీక్షలు

బొమ్మలు బల్ల మీద పెట్టకముందే చేయండి, అరగంట పని.

ఏమీ చేయకపోతే: ఒక్కో కుర్చీ మొదటి నుంచి చివరిదాకా కదలకుండా కూర్చుంటే ఎన్ని పాయింట్లు వస్తాయి? దాడి చేయాల్సినవాడు కూర్చుని గెలుస్తుంటే పట్టీ తప్పు. మా బావగారి 8 పాయింట్లు ఈ పరీక్షలో పట్టుబడేవి, నేను చేయలేదు.

జరిగింది జరిగినట్టు: చరిత్రని మీ పట్టీలో వేయండి. ఫోర్డ్‌కి బందరు 8, సంతకం 4, కోట నష్టాలకి −2, చందుర్తి నష్టాలకి ఇంకో −1, మొత్తం 9. కాన్‌ఫ్లాన్‌కి 4.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చరిత్రలో వచ్చిన ఫలితమే "డ్రా" అనుకుని పట్టీ రాస్తారు, అంటే ఫోర్డ్ చేసినంత చేస్తే సమానం, అంతకన్నా బాగా చేస్తేనే గెలుపు. ఆలోచించండి. ఫోర్డ్ చేసింది ఏమిటి? కోటలో ఉన్నవాళ్లు దాడి చేసినవాళ్ల కంటే ఎక్కువమంది. మందు అయిపోవచ్చింది. వెనక్కి పోవడానికి దారి లేదు. అర్ధరాత్రి బురదలో నడిచి కోట ఎక్కారు. పదిసార్లు ఆడితే అది ఎన్నిసార్లు కుదురుతుంది? అలాంటి ఫలితాన్ని మధ్య గీతగా పెడితే ఫోర్డ్ కుర్చీలో కూర్చున్నవాడు జన్మలో గెలవడు. చరిత్ర ఫలితం ఎక్కడో పై మెట్టు మీద ఉండాలి. మధ్య గీత వేరే చోట వెతుక్కోవాలి, ఎలాగో 7లో చెప్తాను.

అడ్డదారి: మీ బ్యాచ్‌లో రూల్స్‌లో సందులు వెతికే ఘనుడు ఒకడు ఉంటాడు కదా, పట్టీ అతనికిచ్చి "దీన్ని పాడుచెయ్యి" అనండి. మా మేనల్లుడు పది నిమిషాల్లో చెప్పాడు: "30వ వారంలో నా గుర్రపువాళ్లని వందేసి చొప్పున ఖాళీ ఊళ్లన్నిటికీ పంపేస్తా మామయ్యా, రాజమండ్రి కూడా నాదే." దీనికి చికిత్స తేలిక. ఒక ఊరు మీ లెక్కలోకి రావాలంటే వరసగా రెండు వారాలు మీ చేతిలో ఉండాలి, అక్కడి నుంచి మీ స్థావరం దాకా దారి తెరిచి ఉండాలి. ఇది రాయని కాంపెయిన్లన్నిటిలో చివరి వారం పిచ్చి పట్టినట్టు ఉంటుంది.

7. ఎనిమిది తొందర ఆటలు, మధ్య గీత

ఇప్పుడు బొమ్మలు లేకుండా, మ్యాపు మీద మాత్రమే, ఒక గంటలో అయిపోయే ఆటలు ఎనిమిది ఆడండి. యుద్ధం వచ్చినచోట చెరో రెండు పాచికలు, బలగం ఎక్కువ ఉన్నవాడికి +1, కోటలో ఉన్నవాడికి +2, ఫోర్డ్ స్వయంగా ఉంటే +2. ఈ ఆఖరి +2 ఎందుకంటే, చందుర్తిలో ఫ్రెంచి వైపు సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, 30 ఫిరంగులు ఉన్నా ఓడిపోయారు. ఇంగ్లీషు యూరోపియన్ పటాలం ఎత్తుగా పెరిగిన చేనులో కనబడకుండా ఉంది, ఫ్రెంచివాళ్లు ఎర్రకోటు సిపాయిల్ని చూసి వాళ్లే యూరోపియన్లనుకుని అటు పోయారు, చెదిరిన వరసలతో అసలు పటాలానికి దొరికిపోయారు. నాయకుడి తెలివికి లెక్కలో చోటు ఉండాలి.

ఎనిమిది ఆటల్లో ఒక్కో కుర్చీకి వచ్చిన పాయింట్లు చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాయండి. నాలుగోదీ ఐదోదీ కలిపి సగం చేస్తే వచ్చేదే మీ మధ్య గీత. మాకు ఫోర్డ్‌కి 5, కాన్‌ఫ్లాన్‌కి 8, రాజుకి 6 వచ్చాయి. అసలు ఆటలో ఒక్కొక్కరి పాయింట్లలోంచి వాళ్ల గీత తీసేసి, మిగిలినదాన్ని పోల్చండి. చరిత్ర అయితే ఫోర్డ్ 9−5 అంటే +4, కాన్‌ఫ్లాన్ 4−8 అంటే −4. ఫోర్డ్ గొప్పగా గెలిచాడన్నది అంకెల్లో కనిపిస్తోంది, కానీ ఆ గెలుపు అతనికి పుట్టుకతో రాలేదు. బందరు పోగొట్టుకున్న కాన్‌ఫ్లాన్ కూడా 9 తెచ్చుకుంటే +1తో గెలవచ్చు: 29వ వారం దాటేదాకా కోట లాగాలి, రాజమండ్రి వదలకూడదు, అలా.

ఎవరు ఎన్ని గెలిచారన్నది చూసి కంగారు పడకండి. ఎనిమిదిలో ఆరు ఒక వైపే గెలిచిందని పట్టీ చింపేసినవాళ్లు ఉన్నారు. ఊరికే నాణెం ఎగరేసినా ఎనిమిదిసార్లలో 6-2గానో అంతకన్నా ఏకపక్షంగానో పడే అవకాశం 29 శాతం ఉంది. 7-1 లేదా 8-0 అయితే 7 శాతం, అప్పుడు అనుమానించండి. ఇంకో సంగతి, ఎనిమిదిలో నాలుగేసిసార్లు కుర్చీలు మార్చుకుని ఆడాలి, లేకపోతే మీరు కొలుస్తున్నది షరతుల్ని కాదు, మీ స్నేహితుడి తెలివిని.

8. మార్చాల్సి వస్తే

ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు మార్చి ఆట బాగుపడిందంటే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ముందు తేదీలు కదపండి (ఓడల పాచిక ఒక వారం ముందుకో వెనక్కో), దాంతో సరిపోకపోతే పాయింట్లు, అదీ ఒకటో రెండో. సైన్యాల జోలికి అప్పుడు కూడా వెళ్లొద్దు.

రహస్య షరతులు పెట్టమంటారా అని అడుగుతుంటారు. ఒక్కో కుర్చీకి ఒకటి సరే, రెండైతే చివర్లో అట్టలు తిప్పినప్పుడు "ఇదెక్కడి న్యాయం" అని లేస్తారు. ఒకటే పెట్టండి, 3 పాయింట్లు మించనివ్వకండి.

ఎనిమిది ఆటలు ఆడే ఓపిక లేదా? అయితే వేలంపాట. ఆట మొదలయ్యేముందు ఫోర్డ్ కుర్చీ కావాలనుకున్నవాళ్లు ఎన్ని పాయింట్లు వదులుకుంటారో చీటీ మీద రాసి ఇవ్వాలి. ఎక్కువ రాసినవాడికి కుర్చీ, ఆ పాయింట్లు చివర్లో అతని లెక్కలోంచి పోతాయి. ఏ కుర్చీ ఎంత బలమైనదో మీరు తేల్చక్కర్లేదు, వాళ్లే తేల్చుకుంటారు. కొత్తవాళ్లు ఉంటే మాత్రం వద్దు, ఉత్సాహంలో 7 రాసేసి తర్వాత ఏడుస్తారు.

కుదిరిందో లేదో చూసుకోవడం

అసలు ఆట అయిపోయిన రోజే, టీ తాగేలోపే, ఒక్కొక్కరి చేతా విడిగా ఒక అంకె రాయించండి: "ఎవరు గెలుస్తారో నీకు ఏ వారంలో ఖాయమనిపించింది?" మాట్లాడుకోనివ్వకండి, మాట్లాడుకుంటే అందరూ 28 అంటారు. మా మొదటి ఆటలో 11, 13, 12 వచ్చాయి, అంటే మిగతా పద్దెనిమిది వారాలు మొహమాటానికి ఆడారన్నమాట. నాలుగోసారి ఆడినప్పుడు 24, 26, 22 వచ్చాయి. 20 దాటితే పట్టీ ముట్టుకోకండి, గెలిచింది ఎవరైనా సరే. 15 లోపు వస్తే ముందు గడియారం చూడండి, ఆ తర్వాత రాజు సంచి చూడండి. మా అనుభవంలో తప్పు ఎప్పుడూ ఈ రెండిట్లో ఒకదాంట్లోనే దొరికింది.

ఇంకొక్కటి. ఓడినవాడు "మళ్లీ అదే కుర్చీ ఇవ్వండి" అని అడిగాడో లేదో గుర్తుపెట్టుకోండి. మా కాన్‌ఫ్లాన్ మూడోసారి అడిగాడు, నాలుగోసారి ఓడలు 24లోనే వచ్చాయి, పోయిన ఆదివారం నుంచి ఫోన్ చేసి మరీ అందరికీ ఆ సంగతే చెప్తున్నాడు.